ఓజెల్లా ఆపిన నెల

“ఎప్పుడు ఆపాలి నాయనా? అదొక్కటి చెప్పు చాలు,” అంది ఓజెల్లా గేట్లిన్, ఇంకా కుర్చీలో కూర్చోకుండానే.

లాయరు కార్నెల్ ఫైఫర్ తలెత్తి చూశాడు. మెంఫిస్‌లో పంతొమ్మిదేళ్లుగా దివాలా కేసులే చూస్తున్నాడు. వచ్చినవాళ్లు ఏడుస్తారు, లేకపోతే అబద్ధాలాడతారు. పడవని బావమరిది పేరు మీదికి మార్చేసి వచ్చినవాడు కూడా ఉన్నాడు. ఈవిడ మాత్రం బడి వంటగదిలో పని ముగించుకుని, తల మీది వల టోపీ అయినా తియ్యకుండా, చంకలో బూట్ల డబ్బాతో నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి.

“ముందు కూర్చోండమ్మా. క్రెడిట్ కార్డులెన్ని?”

“నాలుగు.”

“దేనికి వాడారు?”

“పంది మాంసానికి, కట్టెలకి. మా ఆయన వెండెల్‌కి బార్బెక్యూ కొట్టుండేది. చేతి రుచి ఎంత గొప్పదో, లెక్కల్లో అంత సున్నా. జేబులో డబ్బుల్లేవన్నవాడికి ఇంకో ముక్క ఎక్కువేసేవాడు, పిచ్చి మారాజు.” నవ్వింది. “ఆయన పోయి ఏడేళ్లయింది.”

“కట్టడం మానేసి ఎన్నాళ్లయింది?”

“మానెయ్యడమా?” ఆవిడకు కోపమొచ్చింది. “నన్ను చూస్తే అలా కనిపిస్తోందా నీకు?”

డబ్బా మూత తీసి అతని ముందుకు తోసింది. లోపల పోస్టాఫీసు మనియార్డరు రసీదులు, నెలకు నాలుగు చొప్పున గుండుసూదితో గుచ్చి, ఏడాదికో రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. కార్నెల్ ఒక్కో కట్టా విప్పి చూశాడు. అన్నీ ఒకటో తారీఖువే. ఒక్క ఫిబ్రవరిలో మాత్రం రెండో తారీఖు అని ఉంది.

“ఇదేంటమ్మా?”

“అప్పుడు మంచు గడ్డకట్టి ఊరంతా కరెంటు పోలేదూ? బస్సుల్లేవు. నడిచెళ్తే పోస్టాఫీసు మూసుంది. మర్నాడు మళ్లీ నడిచాను.” తప్పు చేసి దొరికినదానిలా తలొంచుకుంది. “అదొక్కటే ఆలస్యం.”

మూడువందల ముప్ఫై ఆరు రసీదులు. కార్నెల్ వాటిని చర్చిలో పాటల పుస్తకం మూసినంత నెమ్మదిగా మళ్లీ డబ్బాలో పెట్టాడు.

“మరిప్పుడెందుకు ఆపాలనుకుంటున్నారు?”

“బళ్లో నా పనిగంటలు తగ్గించారు. అద్దె పెంచారు. రక్తపోటు మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నా. మొన్న సోమవారం పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను. పిల్లలు చూసి జడుసుకున్నారు.”

“మందులు మానేసి కార్డులు కట్టారా!”

“అరవకు నాయనా. ఎప్పుడు ఆపాలో చెప్పు.”

“దివాలా పిటిషన్ వెయ్యాలని గట్టిగా అనుకున్న రోజే ఆపాలి. అనుకున్నాక కార్డు వాడకూడదు, కట్టకూడదు. ఒకళ్లకి కట్టి ఇంకొకళ్లకి ఎగ్గొట్టడం అసలే కుదరదు. అలాగని ఆపేసి ఇంట్లో కూర్చున్నా తప్పే, బ్యాంకులవాళ్లు కోర్టుకెళ్లి మీ జీతంలోంచి పట్టుకుంటారు. ఆపగానే నా దగ్గర సంతకం పెట్టాలి. ఆ డబ్బు అద్దెకి, మందులకి. అర్థమైందా?”

“అంటే శుక్రవారం ఒకటో తారీఖు...”

“కట్టొద్దు.”

ఆవిడ డబ్బాకి మూత పెట్టి, రెండు చేతులతో గట్టిగా నొక్కింది. తర్వాత, తన పేరు మీదున్న అప్పుల చిట్టా తెప్పించుకోమని కాగితం మీద సంతకం పెట్టి, డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున్నే ఫోన్.

“నాయనా, పోస్టాఫీసు ముందున్నాను. రానని ఒట్టు పెట్టుకున్నాను. కాళ్లే తీసుకొచ్చాయి.”

“చేతిలో ఎంతుందమ్మా?”

“మూడువందల పది.”

“వెనక్కి తిరగండి. ఎదురుగా మందుల షాపుంటుంది కదా, అందులోకెళ్లండి. నేను లైన్లోనే ఉంటాను.”

రోడ్డు మీద కార్ల రొద, ఆవిడ ఆయాసం, తలుపు గంట చప్పుడు వినిపించాయి. “నెలకి సరిపడా ఇవ్వమ్మా,” అని ఆవిడ ఎవరితోనో అంటూంటే కార్నెల్ కళ్లు తుడుచుకున్నాడు. ఎన్నో కేసులు గెలిచాడుగానీ ఇలాంటి గెలుపు ఎరగడు.

సోమవారం చిట్టా వచ్చింది. ఎప్పుడో తీర్చేసిన ఫ్రిజ్ వాయిదాలు తప్ప అందులో ఏమీ లేదు. ఒక్క కార్డూ లేదు. నంబరు తప్పు పడిందేమోనని మళ్లీ తెప్పించాడు. అదే ఖాళీ. బ్యాంకుల ఉత్తరాలన్నీ తీసుకుని రమ్మని ఓజెల్లాకి కబురు చేశాడు.

ఆవిడ తెచ్చిన ఉత్తరాల్లో నాలుగు చదివేసరికి కార్నెల్ లేచి నిలబడ్డాడు.

“ఇవన్నీ వెండెల్ గారి పేరు మీదే ఉన్నాయి!”

“ఆయన కార్డులే కదా.”

“మీ సంతకం ఎక్కడా లేదమ్మా! ఆయన పేరు మీద ఆస్తి ఏమైనా ఉందా?”

“పొగ పట్టిన ఒక టోపీ ఉంది.”

“అయితే చట్టప్రకారం ఆ అప్పు ఆయనతోనే పోయింది. మీరు దివాలా పిటిషన్ వెయ్యక్కర్లేదు. మీరసలు ఎవరికీ ఒక్క సెంటు కూడా బాకీ లేరు, ఎప్పుడూ లేరు! ఏడేళ్లు! మాత్రలు మాని, మంచులో నడిచి... ఒక విధవరాలి దగ్గర నోరు మూసుకుని పుచ్చుకున్నారు, దొంగ వెధవలు. వాళ్లని కోర్టుకీడుస్తాను. ప్రతి డాలరూ కక్కిస్తాను.”

ఓజెల్లా ఉత్తరాలు ఒక్కొక్కటే మడిచి సంచిలో పెట్టుకుంది. లేచి అతని చెయ్యి నిమిరింది.

“వాళ్లనేమీ అనకు నాయనా. ఈ బాకీ నాది కాదని, ఆయన కన్నుమూసిన నెలలోనే చెప్పారు వాళ్లు.”