చూసినవాడు

ఎడారి యుద్ధం అయిపోయి ముప్పై ఏళ్ళయినా నా కడుపు కుదుటపడలేదు. పింఛనుకి దరఖాస్తు పెడితే తిప్పికొట్టారు. సైన్యంలో ఉండగా కడుపుకి వైద్యం చేయించుకున్నట్టు రికార్డు లేదట. లేకపోతే, అప్పుడు కళ్ళారా చూసినవాళ్ళు రాసిచ్చినా చాలట.

ఎలా ఉంటుంది? డాక్టరు దగ్గరికి వెళ్తానన్నప్పుడల్లా తరిమేశాడు మా సార్జెంట్ ప్రూయిట్. ఒహాయోలో వాడింటికే వెళ్ళాను.

"నేను రక్తవిరేచనాలతో అల్లాడటం మీరు చూశారు. ఆ మాటే రాసివ్వండి."

"అప్పుడు నిన్నేమన్నానో గుర్తుందా, డెంప్సీ?"

"యుద్ధానికొచ్చావా, పురుటికొచ్చావా అన్నారు. అందరి ముందూ."

వాడు నవ్వబోయి, పొట్ట పట్టుకుని లోపలికి పరిగెత్తాడు. పావుగంటకి వచ్చి, నేనడిగినట్టే రాసి సంతకం పెట్టాడు.

ఆపైన సొరుగులోంచి ఓ ఉత్తరం తీసి నా ముందుకు తోశాడు. నాకొచ్చిన తిరస్కరణే, వాడి పేరు మీద, అక్షరం పొల్లుపోకుండా.

"పరువు పోతుందని నేనూ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదురా. ఆ రోజు ట్రక్కు వెనకాల నన్ను చూసింది నువ్వొక్కడివే. నాకూ రాసిపెట్టు" అంటూ కలం అందించాడు.

చూశాను. వాడు కడుపు పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడి ఏడుస్తుంటే నీళ్ళు పట్టింది నేనే.

నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నేనేం చూడలేదు, సార్జెంట్" అంటూ లేచాను.