పేటవాళ్ల గంట

"ఆ గంట దించండి" అన్నాడు రివెన్యూ ఇనస్పెక్టరు గోపాలరావు.

ఆదివారం పొద్దున. పేటలో ప్రార్థన సగంలో ఉంది. ఆయన ప్రార్థన పాకలో అడుగుపెట్టలేదు. అడుగుపెట్టడం మాట అటుంచి, దగ్గరికైనా రాకుండా అల్లంత దూరాన తుమ్మచెట్టు కింద నిలబడి బంట్రోతు చేత కేక వేయించాడు. సంఘ పెద్ద జ్ఞానయ్య బయటికి వచ్చాడు. వెనకే అతని భార్య రాజమ్మ వచ్చింది.

"ఎందుకు దొరా?" అన్నాడు జ్ఞానయ్య.

"అది గంట కాదురా, బాంబు. యుద్ధంలో సముద్రంలో మునిగిన ఓడలోది. మొన్న ఆ ఓడలో గుండొకటి పైకి తీస్తుంటే పేలి జాలర్లు చచ్చారు. ఆ సామాను ఎక్కడున్నా పట్టుకు రమ్మని ఆర్డరు. అయినా మీకు బుద్ధుండక్కర్లా? బాంబుని పట్టుకుని సుత్తితో కొడతారా?"

పాక ముందు వేలాడుతున్న గుండు వంక చూశాడు జ్ఞానయ్య. మూరెడు పొడుగున, నున్నగా, మొనదేలి ఉంది. పాతసామాన్ల అబ్దుల్ మజీద్ దగ్గర తెచ్చుకున్నది. పేటలో ఆడామగా కలిసి ఎండాకాలమంతా అతని బండ్లకి మాచర్ల నాపరాళ్లు ఎత్తితే వచ్చింది. పేట మొత్తానికి ఇది మాది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ గంట ఒక్కటే.

"ఏడాదిగా కొడతన్నాం. ఎవురూ బాంబనలేదే" అంది రాజమ్మ. "మా గంటకి నిద్ర చెడతందని ఊళ్లో పెద్దోళ్లు అర్జీ పెట్టినాకనే బాంబయిందా?"

"నోరు ముయ్యవే. సర్కారు మీ ప్రాణాలు కాపాడుతుంటే ఎదురు మాట్లాడతావా?"

ప్రాణాలు కాపాడటం అంటే ఏమిటో వెంటనే తెలిసింది. గంట దించడానికి ముందుకు కదిలిన బంట్రోతుని గోపాలరావు చెయ్యి పట్టి ఆపాడు.

"నువ్వెందుకు? వాళ్లే దించుతారు. వాళ్లే కచేరీకి మోసుకొస్తారు."

"దారిలో పేలితేనో?" అంది రాజమ్మ.

"ఇన్నాళ్లూ కొట్టింది మీరేగా" అన్నాడాయన.

జ్ఞానయ్య పళ్లు నూరుకున్నాడు. పిల్లల్ని దూరంగా పంపేసి, గుండుని దించి, పాత దుప్పట్లో చుట్టి వాసానికి కట్టాడు. ఒక కొస తను పట్టుకున్నాడు. రెండో కొస రాజమ్మ భుజానికెత్తుకుంది.

"నువ్వొద్దే. ఇంకెవురన్నా వస్తారు" అన్నాడు.

"పోతే ఇద్దరం పోతాం. నడువు."

నడిచారు. ఫర్లాంగు వెనకాల గోపాలరావు గొడుగు వేసుకుని నడిచాడు. ఆ గొడుగు బాంబుకి అడ్డం వస్తుందనుకున్నాడేమో మహానుభావుడు.

కచేరీ ఆవరణలో మిలటరీ సుబేదారు ఎదురుచూస్తున్నాడు. మజీద్‌ని కూడా పిలిపించి కూర్చోబెట్టాడు. గుండుని ఇసక బస్తాల మధ్య పడుకోబెట్టించి, అందర్నీ దూరంగా పొమ్మని, మెల్లగా దాని మొన విప్పాడు. టార్చిలైటు వేసి లోపలికి చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఖాళీది. దీంట్లో మందే నింపలేదు" అని చిన్న సుత్తితో ఒక్కటి కొట్టాడు. ఖంగుమంది. "చూశారా? ఖాళీది గనకే మోగుతోంది. మందున్నదయితే మోగదు, దబ్బుమంటుంది. అట్లాంటిదాన్ని కొడితే ఏ దెబ్బకి పేలుతుందో ఎవరూ చెప్పలేరు. మీ గంట మీరు తీసుకుపోండి."

రాజమ్మ గోపాలరావు ముందుకి వెళ్లి నిలబడింది.

"ఇన్నారా అయ్యా? బుద్ధిలేనోళ్లం కొట్టింది ఉత్త గుండంట. మమ్మల్ని చావమని ముందు నడిపిచ్చి, మీరు గొడుగేసుకుని ఎనకమాల వచ్చారు. ఇప్పుడు మీరు మొయ్యండి, మా పేట దాకా."

"తీసుకుపొమ్మన్నారుగా. పో" అన్నాడు గోపాలరావు, ఎటో చూస్తూ.

సుబేదారు మజీద్ వైపు తిరిగాడు. "ఆ ఓడ సామాన్లో నీకు దొరికింది ఈ ఒక్క గుండేనా?"

"రెండు సాబ్."

"రెండోది ఎవరికమ్మావు?"

మజీద్ తలెత్తాడు. గోపాలరావు కళ్లు ఉరిమి చూస్తున్నాడు. రాజమ్మ కూడా చూస్తోంది.

"అమ్మలేదు సాబ్. ఈ ఇనస్పెక్టరు గారే ఊరికే పట్టుకొచ్చారు. టైము కొట్టడానికి కచేరీకి గంట కావాలని."

అందరి తలలూ ఆ రెండో గుండు వేలాడుతున్న వరండా వైపు తిరిగాయి. పన్నెండయింది. టైము కొట్టే డఫేదారు సుత్తి ఎత్తి మొదటి దెబ్బ వేశాడు.

దబ్బుమంది.