నాభి తీగకు కాపలా

దోమతెర ఎత్తి చూసి సాలమ్మ అక్కడే కూలబడింది.

తీగ నిండా పురుగులు. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, ఎర్ర చుక్కలు. పెళ్లికి ముస్తాబై వచ్చినట్టున్నాయి, దరిద్రపుగొట్టువి. మొన్నటిదాకా నవనవలాడిన ఆకులు జల్లెడలైపోయాయి.

"ఇంత తెర కట్టినా యాడికెల్లి దూరిన్రే మీరు?" అంది ఏడుపు గొంతుతో.

తీగ ఆమెది కాదు. నాచారంలో సాలమ్మ వాళ్లుండే ఇంటి డాబా మీద, ఒంటిగదిలో అద్దెకుంటున్న ప్రజ్ఞది. ఆ పిల్ల ఉప్పల్ వైపు ఏదో ల్యాబులో పీహెచ్‌డీ చేస్తోంది. ఘట్‌కేసర్ అవతల ఒక గుట్ట మీంచి అడవినాభి దుంప తవ్వి తెచ్చి, డాబా మీద పెద్ద కుండీలో పాతింది. తొలకరికి మొలక లేచింది. ఆకు కొసల్ని చిటికెన వేళ్లలా మెలిపెట్టి, కర్రల్ని పట్టుకుని పైకి పాకింది. తెర కూడా ప్రజ్ఞే కట్టింది, అంచుల మీద ఇటుకలు పేర్చి, చీమ దూరే సందు లేకుండా. ఆ గుట్టను ఎండాకాలంలోనే ప్లాట్ల కోసం చదును చేసేశారు. మళ్లీ పోయి తెచ్చుకుందామన్నా అక్కడ ఏమీ మిగల్లేదు.

"నా మూడేళ్ల చదువంతా ఈ తెరలోనే ఉంది పెద్దమ్మా" అని ఊరికి పోయేముందు సాలమ్మ చేతులు పట్టుకుంది ప్రజ్ఞ. ఖమ్మంలో నాన్నకు గుండెపోటు అని ఫోనొచ్చిన రోజది. "తీగ ఎండిపోకుండా చూడు. రెండ్రోజుల్లో వచ్చేస్తా."

"నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డా. నా పానం లెక్క చూసుకుంట" అంది సాలమ్మ.

మాట ఊరికే ఇవ్వలేదు. పోయినేడు తనకు డెంగీ వస్తే దవాఖానాలో పక్కన కూర్చున్నది ఆ పిల్లే. కన్నకూతురైనా అంత చేయదు.

రెండ్రోజులు కాస్తా వారం దాటింది. పిల్ల రాలేదు. పురుగులొచ్చాయి.

సాలమ్మ డబ్బాలో సర్ఫు నీళ్లు కలుపుకుని ఏరడం మొదలుపెట్టింది. ఒక ఆకు శుభ్రం చేస్తే కింది ఆకుకు ఇంకో గుంపు వేలాడుతోంది. ఇవాళ ఏరిన చోట రేపటికి మళ్లీ తయారు. మొగ్గల్ని కూడా వదల్లేదు.

మొగుడు చంద్రయ్య పైకొచ్చి చూశాడు. "ఉప్పల్ చౌరస్తాల పురుగుల మందు దొరుకుతది. తెచ్చి కొట్టరాదే, ఒక్క దెబ్బకు పోతయి."

"ఆకు మాడిపోతే? పిల్లకు ఏం మొకం పెట్టుకుని జెప్పాలె?"

"మరి కంపెనీల పని పోతే?"

అదీ నిజమే. ఆమె ప్యాకింగ్ పని చేసే కంపెనీలో సూపర్‌వైజర్ నరేందర్ తేల్చి చెప్పేశాడు, ఇంకో నాగా పెడితే రానక్కర్లేదని. అయినా సాలమ్మ పోలేదు. నాచారంలో కంపెనీలకు కరువా, ఇంకో గేటు ముందు నిలబడొచ్చు. ఆ పిల్ల చదువు పోతే ఎక్కడినుంచి తెచ్చిస్తుంది?

ప్రజ్ఞకు ఫోన్ కలవడం లేదు. కలిసిన ఒక్కసారీ ఆ గొంతు ఏడ్చి ఏడ్చి ఎండిపోయి ఉంది.

"నాన్న ఇంకా ఐసీయూలోనే పెద్దమ్మా. తీగ ఎట్లుంది? ఆకులున్నాయా, అయిపోలేదు కదా?"

సాలమ్మ జల్లెడలైన ఆకుల వంక చూసింది. పురుగుల సంగతి నోటిదాకా వచ్చింది. తండ్రి చావుబతుకుల్లో ఉంటే ఈ మాట కూడా చెప్పడమంటే గోరుచుట్టు మీద రోకటిపోటే.

"మస్తున్నయి బిడ్డా. నిండుగున్నయి."

"హమ్మయ్య. ఇంకోమాట పెద్దమ్మా..." అంటుండగానే అటువైపు నర్సు ఎవరో పిలిచింది. ఫోన్ కట్టయింది.

ఆ తర్వాత సాలమ్మకు డాబాయే ఇల్లయింది. వానలో గొడుగు పట్టుకుని ఏరింది. సర్ఫుకు వేళ్ల మీద తోలు ఊడింది. కొన్ని దొంగముండలు మట్టిలో దూరి దాక్కున్నాయి. దుంపకు గోరు తగలకుండా మట్టి కెలికి వాటినీ లాగేసింది. "ఎల్లమ్మ తల్లీ, ఈ ఒక్కదాన్ని బతికియ్యి. వచ్చే ఆషాఢం నీకు బోనమెత్తుత" అని మొక్కుకుంది. అన్నం సయించలేదు. కళ్లు మూస్తే చుక్కల పురుగులే కనబడ్డాయి.

చివరికి తల్లి విన్నది. ఒక ఉదయం ఎంత వెతికినా ఒక్క పురుగు కనబడలేదు. పైన మిగిలిన ఒకే ఒక మొగ్గ విచ్చుకుంది. రెక్కలన్నీ పైకి తిరిగి, కింద పసుపు, పైన ఎరుపు, పొయ్యిలో మంట లేచినట్టుంది. సాలమ్మ దాని ముందు కూర్చుని కడుపారా ఏడ్చింది.

ఆ మధ్యాహ్నమే ప్రజ్ఞ దిగింది. తండ్రిని వార్డులోకి మార్చారట. భుజాన బ్యాగుతోనే మెట్లెక్కి వచ్చి తెర ఎత్తింది.

"సూడు బిడ్డా" అంది సాలమ్మ, ఒలిచిన వేళ్లు కొంగులో దాచుకుంటూ. "పురుగు పట్టింది. నీకు చెప్తే బెంగ పడతవని చెప్పలే. ఒక్కటి లేకుంట ఏరి పారేసిన. నీ చదువుకేం కాలే."

ప్రజ్ఞ పువ్వు వంక చూడలేదు. ఆకుల్ని ఒక్కొక్కటే తిప్పి చూసింది. కుండీలో మట్టిని వేళ్లతో తోడింది. తోడి తోడి, మట్టి చేతులతోనే కింద కూర్చుండిపోయింది.

"తీగను వాటి తిండి కోసం పెట్టాను పెద్దమ్మా, నేను మూడేళ్లుగా చదువుతున్నది ఆ పురుగుల్నే."