అరిగిన చుక్కలు

"ఈ చుక్కల కాగితాలు నా లైబ్రరీలో అంటించడానికి వీల్లేదు టీచరుగారూ," అన్నాడు శేషగిరిరావు, బల్ల మీంచి తల ఎత్తకుండా.

భాగ్యవతి కదల్లేదు. ఆమె చేతిలో అట్టముక్కల కట్ట ఉంది. కథలు, చరిత్ర, వ్యవసాయం అంటూ ఒక్కో ముక్క మీద ఒక్కో బీరువా పేరు బ్రెయిలీ చుక్కల్లో పొడిచి ఉంది. రెండో చేతిలో పుస్తకాల జాబితా, అదీ చుక్కల్లోనే. పక్కన చేతికర్ర పట్టుకుని జోజి నిలబడ్డాడు. పుట్టుకతోనే చూపు లేదు. అంధుల బడిలో ఏడో తరగతి దాకా చదివి, ఆగిరిపల్లి రోడ్డులో మామిడికాయల షెడ్డులో పనికి కుదిరాడు. చిన్నరసాన్ని అరచేతిలోకి తీసుకుంటే చాలు, అది ఎన్ని రోజులకు పండుతుందో చెబుతాడు.

"ఏ బీరువాలో ఏముందో తనంతట తాను తెలుసుకుంటాడు," అంది భాగ్యవతి. "కావలసింది తీసుకెళ్తే వాళ్ల చెల్లెలు చదివి వినిపిస్తుంది. అంతేనండీ నేనడిగేది."

"కళ్లు లేనివాడికి లైబ్రరీలో ఏం పనండీ?"

జోజి నవ్వాడు. "షెడ్డులోనూ మొదట్లో అదే అన్నారు సార్. ఇప్పుడు కళ్లున్నవాళ్లే కాయ పట్టుకొచ్చి నన్నడుగుతున్నారు."

శేషగిరిరావు నవ్వలేదు.

ఆయన సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే. పాతికేళ్లుగా ఆ గది ఆయన జమీందారీ. కుర్చీ అంగుళం జరిగినా ఊరుకోడు. తీసిన పుస్తకం తీసిన చోటే పెట్టాలి. గడప తొక్కినవాళ్లు పేరు చెప్పుకుని మరీ లోపలికి రావాలి. ఈమధ్య తేదీ ముద్ర కూడా తను వెయ్యడం మానేశాడు. చదువుకున్నవాళ్లేగా, మీరే వేసుకోండి అంటాడు. పొద్దున్నే వచ్చిన మొదటి మనిషి పేపరు పైకి చదవాలి. పలకడం తప్పితే చివాట్లు.

భాగ్యవతికి ఆ జమీందారీతో పాత పరిచయమే. నాలుగేళ్ల కిందట చూపు లేని కొడుకు రత్నబాబును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. సంతకం పెట్టలేనివాడికి కార్డు ఇవ్వడం కుదరదన్నాడు. రత్నబాబు మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు. ఆమె కూడా. నిరుడు వేసవిలో జ్వరం వచ్చి వాడు పోయాడు. వాడి బ్రెయిలీ పలకా, సూదీ పెట్టెలో ఉండిపోయాయి. ఈ అట్టముక్కలన్నీ ఆ సూదితో పొడిచినవే. ఈసారి ఆమె వెనక్కి తిరగదలచుకోలేదు.

అర్జీ రాసి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకున్నాడు గానీ తీసుకోలేదు. చేత్తో పక్కకు నెట్టాడు.

"కాగితాలు నాకొద్దు. పైవాళ్లకు పెట్టుకోండి."

పెట్టుకుంది. మూడుసార్లు పెట్టుకుంది. జవాబు రాకపోతే బడికి సెలవు పెట్టి జిల్లా ఆఫీసు వరండాలో రెండు రోజులు కూర్చుంది. మే నెల మొదట్లో అనుమతి కాగితం తెచ్చి ఆయన ముందు పరిచింది.

"మీరే చదవండి," అన్నాడు శేషగిరిరావు. "మీ నోటితోనే వింటాను."

వెటకారం అనుకుంది. ఒక్క అక్షరం మింగకుండా, గదిలో ఉన్న నలుగురికీ వినపడేలా, అడుగున సంతకం దాకా చదివింది.

"అంటించుకోండి," అన్నాడాయన. "ఎన్నాళ్లుంటాయో చూద్దాం."

ఆ సాయంత్రమే జోజీ ఆమే కలిసి అన్ని బీరువాలకూ ఛాతీ ఎత్తున అంటించారు. జాబితాను తలుపు పక్కన మేకుకు కట్టారు. కార్డు దరఖాస్తులో సంతకం గడి దగ్గర జోజి సూది అడిగి తీసుకుని తన పేరు చుక్కల్లో పొడిచాడు.

వారం తిరక్కుండా జోజి ఆమె ఇంటికి వచ్చాడు.

"రెండుసార్లు వెళ్లానండీ. రెండుసార్లూ సార్ గంటల తరబడి కూర్చోబెట్టేశారు. అ ఎన్ని చుక్కలు, క ఎక్కడ పొడుస్తారు అంటూ అక్షరాలన్నీ అప్పజెప్పించుకున్నారు. బడికొచ్చే ఇన్‌స్పెక్టరు కూడా అంత పీడించడండీ."

"నువ్వేం చేశావు?"

"ఒక్కటీ తప్పకుండా చెప్పా. తప్పితే కార్డు లాక్కుంటారేమోనని."

భాగ్యవతికి ఒళ్లు మండింది. రత్నబాబునైతే గడప దగ్గరే ఆపాడు. ఇతన్ని లోపలికి రానిచ్చి పరీక్షలు పెడుతున్నాడు.

ఆ తర్వాత కాయ జోరుగా దిగడంతో జోజికి షెడ్డు వదిలి వచ్చే తీరిక లేకపోయింది. నెల గడిచాక ఆమె లైబ్రరీకి వెళ్లి చూసేసరికి అట్టముక్కలన్నీ మాసి నల్లబడి ఉన్నాయి. చుక్కలు అణిగిపోయాయి. 'కథలు' ముక్క మీద కొన్ని అక్షరాలు పూర్తిగా చదునైపోయాయి.

"జోజి వచ్చింది రెండుసార్లే," అంది ఆమె. "ఇవెలా అరిగాయండీ?"

"అట్టే కదా. అరుగుతుంది."

"గోళ్లతో గీకితే అరుగుతుంది."

ఆయన కుర్చీ సర్దుకున్నాడు.

"మీరెన్నిసార్లు చెరిపితే అన్నిసార్లు పొడుస్తాను శేషగిరిరావుగారూ. సూది నా దగ్గరే ఉంది."

"పొడవండి," అన్నాడాయన నెమ్మదిగా. "ఈసారి కాస్త గట్టి అట్ట మీద పొడవండి."

అంత పొగరు ఆమె ఎక్కడా చూడలేదు. ఇంటికి వెళ్లి దళసరి అట్ట కోసి, వేళ్లు బొబ్బలెక్కే దాకా మళ్లీ మొత్తం పొడిచింది.

మర్నాడు లైబ్రరీ తెరిచే వేళకు కట్ట పట్టుకుని బయల్దేరింది. తొలకరికి దారంతా బురద. చెప్పులు మెట్ల కిందే విడిచి, అడుగు చప్పుడు లేకుండా గడప దాకా వచ్చింది. పేరు చెప్పబోయి ఆగిపోయింది.

గదిలో ఇంకెవరూ లేరు. తలుపు పక్కనున్న కథల బీరువా దగ్గర శేషగిరిరావు నిలబడి ఉన్నాడు. చూపుడువేలు అరిగిన చుక్కల మీద పాకుతోంది. ఒకటో తరగతి పిల్లాడిలా పెదవులు కూడబలుక్కుంటున్నాయి. వేలు ఒకచోట తడబడింది. మళ్లీ మొదటికి వెళ్లింది.

ఆమె చేతిలోంచి ఒక అట్టముక్క జారి కిందపడింది. ఆయన ఉలిక్కిపడి తలెత్తి, పొద్దుటి వెలుగులో బారెడు దూరాన నిలబడ్డ భాగ్యవతి ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఎవరది?" అన్నాడు.