రెండో గుప్పెడు ఉప్పు

అందరి చెవుల్లోకీ పూసలు వచ్చాక ఎవరి మాటా ఎవరికీ గుచ్చుకోవడం లేదు. ఎదుటివాళ్ళు ఎంత కోపంగా అరిచినా, పూస ఆ మాటను మెత్తబరిచి చెవిలో వేస్తుంది. మా వీధిలో రక్తపోటు మందులు కొనేవాళ్ళే తగ్గిపోయారు.

ఆ రోజు మేడ మీద నేనూ, మా ఆయన అక్కగారూ గుమ్మడి వడియాలు పెడుతున్నాం. పిండిలో నేను కావాలనే రెండో గుప్పెడు ఉప్పు వేశాను.

వదిన రుచి చూసి, మొహం చిట్లించి, చెయ్యి విసురుతూ ఏదో అరిచింది. నా చెవిలో మాత్రం, "ఉప్పు కాస్త ఎక్కువైనట్టుంది, ఫర్వాలేదు నాగరత్నం గారూ" అని వినిపించింది.

నేను పూస తీసి కొంగున ముడేసుకున్నాను.

"మళ్ళీ అనొదినా."

"అది తీశావేంటే? బాధపడతావు."

"అనొదినా, నీకు పుణ్యముంటుంది."

"నీ మొహం మండా! ఏ లోకంలో ఉండి కలిపావే మొద్దూ?"

ఆ "మొద్దూ"ని సాగదీసి, చివర నవ్వు దాచుకోవడం వాళ్ళింటి అలవాటు. మా ఆయనా అచ్చం అలాగే అనేవారు. మంచాన పడ్డాక ఆయన ఏమని పిలిచారో నాకు తెలియదు. అప్పటికే పూసలు వచ్చేశాయి. చివరిదాకా నన్ను "నాగరత్నం గారూ" అన్నట్టే వినిపించింది.

నా కళ్ళు చూసి వదిన కూడా తన పూస తీసేసింది.

"నువ్వూ అనవే. మా తమ్ముణ్ణి చెడగొట్టింది నేనేనని దెప్పేదానివిగా."

అన్నాను. ఎండ దిగేదాకా ఆ ఉప్పు వడియాల పక్కనే ఇద్దరం ఒకరినొకరు అనుకుంటూనే కూర్చున్నాం.