పాపకు పడనిది

“పాపకు మళ్లీ కౌజుగుడ్డు పెట్టారు కదూ!” కోడలు కేక వేసింది. ఆమె చంకలోని పాప ఎడమ చెంప నిండా ఎర్రటి దద్దుర్లు.

అత్త చేతిలోని చేటను నేలకేసి కొట్టింది. “నీ పోరు పడలేకేగా, నూకలేసి పెంచుకున్న పిట్టల్ని నిన్న బోనుతో సహా పక్కవీధి వాళ్లకు ఇచ్చేశాను! ఇంకా గుడ్లెక్కడివి? నేను పెట్టాలా?”

“ఒకటో రెండో దాచే ఉంటారు. దానికి గుడ్డు పడదని ఎన్నిసార్లు చెప్పాలి?”

“దానికి బాగానే పడుతుంది. నేనే నీకు పడను!”

దాణా మిల్లు నుంచి అప్పుడే వచ్చి, పాపను కాసేపు ఎత్తుకుని ఆడించిన కొడుకు విసుక్కుంటూ లేచాడు.

“అమ్మా, పసిదానికి ఆ గుడ్లు వద్దన్నానా లేదా? ఇంటికొస్తే చాలు, ఇదే గోల!” తీర్పు చెప్పేసి, పాపను లాక్కుని ఈసారి రెండో భుజాన వేసుకున్నాడు.

అత్తాకోడళ్లు మళ్లీ అందుకున్నారు. అరుపుల మధ్య పాప ఏడుపు వినిపించి ఇద్దరూ అటు తిరిగారు. ఇప్పుడు కుడి చెంప కూడా కందిపోతోంది. ఆ చెంప ఆనిన చొక్కా భుజం మీద, చేపపొడి కలిసిన దాణా దుమ్ము పిండిలా పేరుకుని ఉంది.

“దించరా దాన్ని!” “దించండి!” రెండు గొంతులూ ఒక్కసారే లేచాయి.

“మధ్యలో నామీద పడతారేంటి?”

అత్త పాపను లాక్కుంది. కోడలు మొగుడి కాలరు పట్టుకుంది.

“ముందీ చొక్కా విప్పండి. తర్వాత వెళ్లి అత్తయ్య పిట్టల్ని తీసుకురండి!”