కంచె పక్క సాలు

"మా వదిన సోయా చేను పాలిపోయింది. పాడుచేసినవాడు విత్తనాల గోదాము గుమాస్తా. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవుల పొడి అని చెప్పి, చచ్చిన మసి అంటగట్టాడు. శనివారం పొద్దున తొమ్మిదికి గోదాము ముందుకు రండి. దోషిని నిలదీద్దాం!"

ఇలా నలభై కార్డులు రాసి నిన్న పోస్టులో వేశాను. ఆ పొడిని నమ్మి, వదినను యూరియా వెయ్యనివ్వనిది నేనే మరి.

ఈ పొద్దున సాక్ష్యానికి మొక్కలు తవ్వుతుంటే వదిన కేకేసింది.

"నాయకుడుగారూ, ఉపన్యాసం తర్వాత. ముందు ఇటు రా."

కంచె పక్కన ఒక్క సాలు మాత్రం పచ్చగా నిగనిగలాడుతోంది. వేళ్ల నిండా బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల ఎర్రగా ఉంది. అంటే సూక్ష్మజీవులు బతికే ఉన్నాయి.

"ఇది వేరే పొట్లమా, వదినా?"

"అదే పొట్లం, అదే విత్తనం. పొడి పట్టించాక చేటలో కాస్త మిగిలితే వసారా నీడలో ఆరబెట్టి నేనే వేశాను. మిగతాదంతా నువ్వెక్కడ ఆరబెట్టావు?"

"డాబా మీద. మంచి ఎండలో. వ్యవసాయ పుస్తకంలో ఆరబెట్టమనే ఉంది."

"నీడలో అని లేదూ?"

ఉంది, తర్వాతి పేజీలో; ఎండకు సూక్ష్మజీవులు చచ్చిపోతాయని కూడా. అప్పటికే నేను పుస్తకం మూసేశాను.

"ఇప్పుడు యూరియా వేస్తే?"

"పూత రాలిపోయిందిరా."

వదిన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇది నలభై ఒకటో కార్డు. గోదాము తలుపుకు అంటిస్తున్నాను. శనివారం తొమ్మిదికి అందరూ తప్పకుండా రండి. దోషి మీకన్నా ముందే వచ్చి నిలబడి ఉంటాడు.